అద్దం మీద అద్దం

కొత్త లెన్సు కొన్నవాళ్లలో చాలామంది ఇంటికి చేరేలోపే దాని ముందు ఒక ఫిల్టర్ బిగించేస్తారు. ఎందుకంటే ‘సేఫ్టీ’ అంటారు. దేన్నుంచి సేఫ్టీ అని మాత్రం ఎవరూ అడగరు. ఈ వారం ఆ లెక్క తేల్చుకుందాం.

ఈ రోజుల్లో పెళ్లి ఫొటోగ్రాఫర్ లెన్సు మీద పడనిదంటూ లేదు. హల్దీ పేరుతో బిందెల కొద్దీ పసుపు నీళ్లు గుమ్మరించుకుంటారు. మంచి ఫొటో కావాలంటే దూరంగా నిలబడితే కుదరదు, నాలుగడుగుల్లో ఉండి తనూ తడవాలి. మర్నాడు హోమం దగ్గర పొగ, నెయ్యి చిటపటలు. తలంబ్రాల వేళ పసుపు బియ్యం, వాటితో పాటు రంగురంగుల థర్మకోల్ పూసలు. రిసెప్షన్లో జంట నడిచొస్తుంటే రెండు వైపులా కోల్డ్ పైరో నిప్పురవ్వలు. ఇంత జరిగాక కూడా లెన్సు చెక్కు చెదరకుండా ఉందంటే ముందు బిగించిన ఆ పలచటి గాజుబిళ్లే కాచిందనిపిస్తుంది. హల్దీలో మటుకు నిజంగా కాచింది కూడా.

తర్వాత ఆల్బమ్ చేతికొస్తుంది. రిసెప్షన్ ఫొటోలు తిరగేస్తున్న పెళ్లికూతురి అక్కకు ఒక చోట చూపు ఆగిపోతుంది. చీకటి ఆకాశంలో, పెళ్లికొడుకు తలపాగాకు జానెడు పైన, వరసగా ఆకుపచ్చ చుక్కలు తేలుతున్నాయి.

‘‘ఈ చుక్కలేంటి తమ్ముడూ?’’

‘‘లెన్స్ ఫ్లేర్ అక్కా. ఇప్పుడదే ట్రెండు.’’

ట్రెండూ కాదు, పాడూ కాదు. ఫొటో కింది భాగంలో ఉన్న సీరియల్ లైట్ల తలకిందుల నీడలవి. హల్దీలో పసుపు నీళ్ల నుంచి లెన్సును కాపాడిన ఆ ఫిల్టరే రిసెప్షన్ రాత్రి ఈ పని చేసింది. హల్దీకి పెట్టిన ఫిల్టర్‌ని రిసెప్షన్‌కి తీసేసి ఉంటే సరిపోయేది. తీయాలన్న ఆలోచనే ఎవరికీ రాదు, అసలు చిక్కంతా అక్కడే.

పేరులో యూవీ, పనిలో గాజు

కోఠీలో గానీ, బెజవాడలో గానీ కెమెరా దుకాణంలో బిల్లు రాసేముందు అడిగే ఆఖరి మాట ఒకటుంటుంది: ‘‘యూవీ వేసేయమంటారా సార్?’’ వేసేయమనే అంటాం. లక్ష పెట్టి కొన్న లెన్సుకు ఇంకో వెయ్యి పెద్ద లెక్కా!

ఆ యూవీకి ఒకప్పుడు నిజమైన పనే ఉండేది. ఫిల్ముకు మన కంటికి కనిపించని అతినీల లోహిత కిరణాలు కూడా ‘కనిపించేవి’. అరకు లోయలోనో, హిమాలయాల్లోనో దూరపు కొండను తీస్తే బొమ్మ మీద నీలిపొగ కమ్మేసినట్టు వచ్చేది. ఆ కిరణాలను ఆపడానికి యూవీ ఫిల్టర్. నీడలోని నీలిఛాయను కాస్త తగ్గించడానికి లేత గులాబీ రంగున్న స్కైలైట్ ఫిల్టర్. స్టూడియోల్లో పాత సామాను పెట్టె తెరిస్తే ఇప్పటికీ ఒకటో రెండో స్కైలైట్లు దొరుకుతాయి.

డిజిటల్ వచ్చాక కథ మారింది. ఇప్పటి కెమెరాల్లో సెన్సర్ ముందే ఒక గాజుపొరల దొంతర ఉంటుంది. యూవీనీ, పరారుణాన్నీ అక్కడే ఆపేస్తారు. చాలా లెన్సుల గాజు కూడా యూవీని కొంత మింగేస్తుంది. అంటే మనం కొనే యూవీ ఫిల్టర్‌కు యూవీతో దాదాపు పనే లేదు. కంపెనీలకూ ఆ సంగతి తెలుసు. అందుకే నికాన్ తన రంగులేని బిళ్లను ‘ఎన్‌సీ’ అని, అంటే న్యూట్రల్ కలర్ అని, కెనాన్ సూటిగా ‘ప్రొటెక్ట్’ అని అమ్ముతున్నాయి. మిగిలిందల్లా రక్షణ ఒక్కటే. కాబట్టి దాన్ని రక్షణగానే తూచి చూడాలి.

నాలుగు శాతం లెక్క

మామూలు గాజు మీద నిటారుగా వెలుగు పడితే సుమారు 4 శాతం వెనక్కి తిరిగిపోతుంది. బిళ్లకు రెండు ముఖాలు కాబట్టి 8 శాతం. అందుకే గాజుకు కోటింగ్ వేస్తారు. ఇంగ్లండులో లెన్సులు రూపొందించే డెన్నిస్ టేలర్ 1890ల్లో ఒక వింత గమనించాడు. పాతబడి పైన ఛాయ మారిన లెన్సులు కొత్తవాటికంటే ఎక్కువ వెలుగును లోపలికి పంపుతున్నాయి. కాలం వేసిన ఆ పొరను మనిషే వేసే పద్ధతిని జర్మనీలో జైస్ కంపెనీ శాస్త్రవేత్త స్మకులా 1935లో సాధించాడు. ఇప్పటి మంచి మల్టీకోటింగ్ ఒక్కో ముఖం దగ్గర పోయే వెలుగును అర శాతం లోపుకు తెచ్చేసింది.

ఈ తేడా ఎంతటిదో ఒక సరదా ప్రయోగంతో బోధపడుతుంది. అమెరికాలో లెన్సులు అద్దెకిచ్చే లెన్స్‌రెంటల్స్ స్థాపకుడు రోజర్ సికాలా 2011లో ఒకే లెన్సు ముందు 50 ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి బిగించాడు. అంత పని ఎవరూ చేయరు గానీ లెక్క వేసి చూడండి. కోటింగ్ లేని 50 బిళ్లల గుండా వెళ్లాక చివరికి మిగిలే వెలుగు ఒకటిన్నర శాతం. ముఖానికి అర శాతమే పోయే మంచి బిళ్లలైతే 60 శాతం మిగులుతుంది. పెట్టేది ఒక్కటే అయినప్పుడు పోయే వెలుగు పెద్ద విషయం కాదు. పోయిన ఆ వెలుగు ఎక్కడికి వెళుతుందన్నదే విషయం.

పచ్చచుక్కలు పుట్టేది అలాగే. దీపం వెలుగు లెన్సు గుండా వచ్చి సెన్సర్ మీద బిందువుగా పడుతుంది. సెన్సర్ నున్నగా మెరిసే వస్తువు, ఫిల్ముకంటే ఎక్కువ మెరుస్తుంది. అక్కడ కొంత వెలుగు వెనక్కి తిరిగి, వచ్చిన దారినే లెన్సు దాటి బయటికి పోబోతుంది. బయట ఫిల్టర్ ఉంది. అది చదునైన గాజు, అద్దంలా పనిచేసి ఆ వెలుగును మళ్లీ లోపలికి తోస్తుంది. ఈసారి అది బొమ్మ మధ్య బిందువుకు సరిగ్గా అవతలి పక్కన, తలకిందులుగా, చక్కగా ఫోకస్ అయి మరీ కూర్చుంటుంది. కింద ఎడమ మూలన దీపముంటే పైన కుడి మూలన దాని దెయ్యం. లెన్సు ముందుగాజు వంపు తిరిగి ఉంటుంది కాబట్టి అక్కడ తగిలిన వెలుగు ఇలా పొందిగ్గా తిరిగిరాదు, చెదిరిపోతుంది.

ఇది తెలిసినవాళ్లు ఏం చేస్తారో చూడండి. నికాన్ 400 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 లాంటి భారీ టెలీ లెన్సుల్లో కొన్నిటికి కంపెనీయే ముందు ఒక రక్షణ గాజును అమర్చింది. దాన్ని చదునుగా పెట్టలేదు, వంపుగాజు పెట్టింది. సినిమావాళ్లదింకో దారి. బురద చిమ్మే షాటు, పేలుడు షాటు అన్నప్పుడు కెమెరామన్ లెన్సు ముందు ‘ఆప్టికల్ ఫ్లాట్’ అనే శుభ్రమైన గాజుపలక పెట్టిస్తాడు. దీపాలు ఎదురుగా ఉంటే మ్యాట్‌బాక్సులో ఆ పలకను కాస్త వాల్చుతాడు. ప్రతిబింబం ఫ్రేములోంచి పక్కకు తప్పుకుంటుంది. షాటు అయ్యాక పలక పెట్టెలోకి వెళ్లిపోతుంది. కోట్ల రూపాయల షూటింగులో వాళ్లే అవసరమైనప్పుడు పెట్టి, తీరాక తీస్తుంటే, మనం మాత్రం కొన్ననాడు బిగించిన బిళ్లను లెన్సు అమ్మేదాకా కదపం.

గీత పడితే కొంప మునుగుతుందా?

లెన్సు ముందుగాజు మీద సన్నటి గీత కనిపిస్తే గుండె జారిపోతుంది. ఫొటోలో మాత్రం ఆ గీత కనిపించదు. ముందుగాజు ఫోకస్‌కు అందనంత దగ్గర. పైగా బొమ్మలోని ప్రతి బిందువుకూ ఆ గాజు నిండా పడిన వెలుగంతా కలిసి చేరుతుంది. పెళ్లివాళ్ల చేతుల్లో ఎప్పుడూ కనిపించే 70-200 లెన్సునే తీసుకోండి. 200 దగ్గర ఎఫ్ 2.8 పెడితే వెలుగు దూరే వాకిలి వెడల్పు 71 మిల్లీమీటర్లు. అందులో ఒక మిల్లీమీటరు మచ్చ అడ్డుపడితే పోయేది ఐదువేల వంతుల్లో ఒక వంతు. కంటికి ఆనదు.

దీనికీ ఒక మినహాయింపు ఉంది. 16 మిల్లీమీటర్ల వైడ్ లెన్సును ఎఫ్ 16 దగ్గర పెడితే ఆ వాకిలి ఒక్క మిల్లీమీటరే. అప్పుడు అదే మచ్చ బొమ్మ మూలలో మసక మరకలా తేలుతుంది. సూర్యుడికి ఎదురుగా తీస్తే మరీను. కానీ గమనించండి, ఆ మచ్చ లెన్సు మీద కాకుండా ఫిల్టర్ మీద ఉన్నా జరిగేది అదే. ఫిల్టర్ పెట్టుకున్నామన్న ధీమాతో నెలల తరబడి తుడవనివాళ్ల బొమ్మలు ఇలాగే పాడవుతుంటాయి.

లెన్సును నిజంగా పాడుచేసేది ఒక్క గీత కాదు. వందల కొద్దీ వెంట్రుకవాసి గీతలు. ఎండలో వంపి చూస్తే గాజు మీద గుండ్రటి సాలెగూడులా మెరుస్తాయి. అలాంటి లెన్సు కాంతికి ఎదురుగా పెడితే బొమ్మంతా తెల్లబారుతుంది. ఈ గీతలు వేసేది ఎగిరొచ్చిన రాయి కాదు. మన చెయ్యే, మన చొక్కా అంచే, మెడలోని తువ్వాలే. గాజు మీద ఇసుకరేణువు ఉండగానే నోటి ఆవిరి ఊది గుండ్రంగా రుద్దుతాం. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ మామూలు గాజుకంటే గట్టిది. ఆ రుద్దుడుకి లెన్సు మీది కోటింగే ముందు బలవుతుంది.

అందుకే నా మటుకు ఈ వాదం తేలేది ఒక్క ప్రశ్నతో. పని మధ్యలో, హడావుడిలో, చేతికి అందిన గుడ్డతో లెన్సు తుడవాల్సి వస్తుందా? వస్తుందంటే ఫిల్టర్ ఉండాల్సిందే. దాన్ని ఎలా తుడిచినా నష్టం ఆ బిళ్లకే. విప్పి కుళాయి కింద కడగొచ్చు, పాడైతే పారేయొచ్చు. లెన్సును కుళాయి కింద పెట్టలేం కదా. తుడిచే అవసరమే రాని చోట ఆ బిళ్ల ఉత్త అడ్డం.

ఎక్కడ పెట్టాలి?

విశాఖ ఆర్కే బీచ్‌లో అలల దగ్గర ప్రీవెడ్డింగ్ షూట్ పెట్టుకున్నారనుకోండి. పది నిమిషాలకు లెన్సు మీద మంచు పట్టినట్టు ఉప్పునీటి తుంపర పేరుకుంటుంది. అది ఆరితే ఉప్పు పలుకులు మిగులుతాయి. వాటిని పొడిగుడ్డతో రుద్దడం కంటే పాపం లేదు. ఫిల్టర్ ఉంటే సాయంత్రం మంచినీళ్లలో జాడించి ఆరబెడితే సరి. కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో పడవలెక్కి ఫొటోలు తీసే పత్రికలవాళ్లను అడిగినా ఇదే చెబుతారు.

ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతర ఇంకో చోటు. ఎర్రమట్టి దుమ్ము, గాల్లోకి ఎగరేసే పసుపు కుంకుమ, బంగారమని మొక్కుకునే బెల్లం, దాని జిగట. గద్దెల దగ్గర జనం తోపులాటలో ఫొటోగ్రాఫర్ చెయ్యెత్తి పట్టుకున్న కెమెరాకు ఇవన్నీ అంటుతాయి. హోలీ అయితే చెప్పనక్కర్లేదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రాజమండ్రి ఘాట్లలో నీళ్లలో దిగి తీయబోయేవాళ్లు ఇప్పుడే రెండు ఫిల్టర్లు కొని పెట్టుకోవడం మేలు. ఒకటి తడిస్తే రెండోది వేసుకుని, మొదటిది తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు.

వెల్డింగ్, గ్రైండింగ్ జరిగే చోట ఫొటోలు తీసేవాళ్లకు ఇక మాటే లేదు. ఎర్రగా కాలిన లోహపు రవ్వ గాజుకు తగిలితే అక్కడే కరుచుకుపోతుంది, తుడిస్తే పోదు. కోల్డ్ పైరో పేరులో కోల్డ్ ఉన్నా లోపల మండేది లోహపు పొడే కాబట్టి, మరీ దగ్గరికి వెళ్లేవాళ్లు ఆ రెండు నిమిషాలకు ఫిల్టర్ వేసుకుని, వెంటనే తీసేస్తే చాలు.

వాన, దుమ్ము చొరబడకుండా సీలు వేసిన లెన్సుల్లో కూడా ఒక మెలిక ఉంది. కెనాన్ 17-40, 16-35 లాంటి కొన్ని ఎల్ సిరీస్ లెన్సులకు ఆ సీలు పూర్తి కావాలంటే ముందు ఫిల్టర్ బిగించాలని కంపెనీయే చెప్పింది. మీ లెన్సు మాన్యువల్‌లో అలా రాసి ఉంటే తడిలో దాని మాటే వినండి.

ఫిల్టర్ ఏమాత్రం ఆపలేని శత్రువు ఫంగస్. కోస్తా జిల్లాల ఉక్కపోతలో బీరువాలో మూసిపెట్టిన లెన్సు లోపల సాలెగూడులా పెరిగేది అదే. దానికి సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బానో, తేమను 40-50 శాతం మధ్య నిలిపే డ్రై క్యాబినెట్టో కావాలి. ముందు ఎంత ఖరీదు గాజు పెట్టినా దాని దారి దానిదే.

కింద పడితే?

‘‘కెమెరా కింద పడింది, ఫిల్టర్ ముక్కలైంది, లెన్సు బతికింది’’ అనే కథ ప్రతి ఫొటోగ్రాఫర్ దగ్గరా ఒకటుంటుంది. ఫిల్టర్ పగిలినంత మాత్రాన లెన్సూ పగిలేదని లెక్కేంటి? ఫిల్టర్ గాజు మందం మిల్లీమీటరో రెండో. లెన్సు ముందుగాజు దానికి ఎన్నో రెట్లు మందం, పైగా వంపు తిరిగిన గట్టి దిమ్మ. పలచటిది పగలడానికి చిన్న దెబ్బ చాలు. ఒక్కోసారి పగిలిన ఆ ముక్కలే లెన్సు మీద గీతలు పెడతాయి. దెబ్బ గట్టిదైతే ముందుగాజు సంగతి తర్వాత, లోపలి గాజుల వరసే తప్పుతుంది, మౌంటు వంగుతుంది. అక్కడ ఫిల్టర్ చేయగలిగింది ఏమీ లేదు.

పడేటప్పుడు కాపాడేది హుడ్. దెబ్బను తన మీద తీసుకుని వంగుతుంది, పగులుతుంది, ఊడిపోతుంది. పక్క వెలుగును ఆపి బొమ్మనూ బాగుచేస్తుంది. ఒకే ఖర్చుతో రక్షణా నాణ్యతా రెండూ పెరిగే సామాను ఇదొక్కటే. దాన్ని తిరగేసి లెన్సుకే తొడిగి అలాగే పెళ్లంతా తీసేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

దెబ్బ తగిలినప్పుడు ఫిల్టర్ రింగు వంగి మరల్లో ఇరుక్కుపోతే అదో యాతన. వేళ్లతో రెండు వైపులా గట్టిగా నొక్కి తిప్పితే రింగు కోలగా అయి ఇంకా బిగుసుకుంటుంది. శుభ్రంగా కడిగిన హవాయి చెప్పును బోర్లించి, దాని రబ్బరు అడుగు మీద లెన్సు మూతిని చదునుగా ఆనించి, కొద్దిగా నొక్కి మెల్లగా తిప్పండి. చుట్టూ పట్టు సమంగా దొరుకుతుంది, చాలాసార్లు వచ్చేస్తుంది. గాజు పగిలి ఉంటే మటుకు ఈ పని చేయొద్దు, సర్వీసుకు ఇవ్వండి.

కొనేటప్పుడు

దుకాణంలో డబ్బా మీది అక్షరాలు చదవడం కంటే ఫిల్టర్‌ని తెల్ల కాగితం పక్కన పట్టుకుని ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూడండి. ట్యూబ్‌లైట్ తెల్లగా, మెరుస్తూ కనిపించిందంటే అది కోటింగ్ లేని ఉత్త గాజు. ముదురు ఆకుపచ్చగానో ఊదాగానో, మసగ్గా కనిపిస్తే కోటింగ్ ఉన్నట్టు. ఆ ప్రతిబింబం ఎంత నల్లబడితే అంత మంచిది. గాజును కొద్దిగా తిప్పినప్పుడు ట్యూబ్‌లైట్ గీత వంకర్లు పోకుండా తిన్నగా జరగాలి. గాజు ముఖాలు చదునుగా లేకపోతే 400, 600 మిల్లీమీటర్ల టెలీ లెన్సుల్లో పదును పోతుంది. ఉప్పలపాడులోనో నేలపట్టులోనో పక్షుల ఈక ఈకా లెక్కపెట్టాలని తిరిగేవాళ్లు చవక ఫిల్టర్ గుండా తీసి, తర్వాత లెన్సును తిట్టుకుంటూ ఉంటారు. నన్నడిగితే అంత పొడుగు లెన్సుకు పొడి వాతావరణంలో ఏ ఫిల్టరూ వద్దు, పొడుగాటి హుడ్ చాలు.

డబ్బు సంగతి కూడా చూసుకోవాలి. 18-55 కిట్ లెన్సు సెకండ్ హ్యాండులో ఎంతకు దొరుకుతుందో తెలిసినవాళ్లు దాని మీద వేలు పోసి ఫిల్టర్ పెట్టరు. అలాగని నాలుగు వందల బిళ్ల తెచ్చి లక్షన్నర లెన్సు మూతికి బిగించడమూ తెలివి కాదు. కొత్తగా మొదలుపెట్టే కుర్రాళ్లు ఆ డబ్బుతో ముందు ఒక బ్లోయర్, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, లెన్సుకు సరిపోయే హుడ్ కొనుక్కోవాలి. ముందు గాలి ఊది దుమ్ము పోగొట్టి, మిగిలిన మరకనే తుడవడం అలవాటైతే ఫిల్టర్ అవసరం సగం తగ్గిపోతుంది.

మీ దగ్గరున్న ఫిల్టర్ ఎలాంటిదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, గదికి ఆ చివర దీపం పెట్టి, అది ఫ్రేములో ఒక మూలకు వచ్చేలా స్టాండు మీద కెమెరా పెట్టండి. ఫిల్టర్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీసి, దీపానికి ఎదురు మూలను పెద్దది చేసి చూడండి.

లేజర్లు, ఫోన్లు

ఈమధ్య వచ్చిన కొత్త ముప్పు వినాయక నిమజ్జనం డీజేల్లో, సంగీత్ స్టేజీల మీద తిరిగే లేజర్ లైట్లు. లేజర్ కిరణం నేరుగా లెన్సులోకి దూరితే లెన్సే దాన్ని సన్నటి బిందువుగా మలిచి సెన్సర్ మీద వేస్తుంది. చుక్కలుగానో, గీతలుగానో సెన్సర్ కాలిపోతుంది. మనిషి కంటికీ అది ప్రమాదమే. ప్రొటెక్టర్ ఉందిగా అని నిబ్బరంగా ఉండేవాళ్లున్నారు. ఆ ఎరుపు, పచ్చ, నీలం కిరణాలన్నీ కంటికి కనిపించే వెలుగే. కనిపించే వెలుగును పంపడమే ప్రొటెక్టర్ పని, లేజర్‌నూ అలాగే పంపేస్తుంది. సూర్యగ్రహణం తీసేటప్పుడూ అంతే, యూవీ ఫిల్టర్ సోలార్ ఫిల్టర్ కాదు.

కెమెరా లేనివాళ్లకూ ఈ బాధ తప్పలేదు. ఫోను కొన్నప్పుడు స్క్రీన్‌కు టెంపర్డ్ గ్లాసు వేసిన చేత్తోనే వెనక కెమెరాలకూ మూడు గాజు బిళ్లలు అతికించేస్తున్నారు. ఐఫోన్‌కు 2012లో వచ్చిన 5 మోడల్ నుంచీ వెనక కెమెరాను కప్పేది సఫైర్ స్ఫటికం. ఇసుకకు అంత తేలిగ్గా లొంగేది కాదు. దాని మీద మనం అతికించేది దానికంటే మెత్తటి గాజు. రెండింటి మధ్య దుమ్ము, చెమట చేరతాయి. పక్కనే ఉన్న ఫ్లాష్ వెలిగితే ఆ వెలుగు బిళ్ల అంచుల్లోంచి పాకి ఫొటో మీద తెల్లటి పొగలా పరుచుకుంటుంది. రాత్రి బతుకమ్మ ఆటలు, దీపావళి దివ్వెలు తీసిన ఫొటోల్లో వెలుగు చారలు కనిపిస్తున్నాయని ఫోన్ కంపెనీని తప్పుపట్టేముందు వెనక్కి తిప్పి చూడండి. బిళ్ల ఉంటే దాని కింద గోరు దూర్చి మెల్లగా లేపితే వచ్చేస్తుంది. జిగురు మరక మిగిలితే కళ్లజోడు తుడిచే గుడ్డను కొద్దిగా తడిపి తుడిస్తే సరిపోతుంది.